మెదడులోని భాషాస్థానములు: కొండగుర్తులు

మనుష్యుని వాగ్వ్యాపారమునకు ఆధారములైన స్థానములు అత్యధికసంఖ్యాకులలో మెదడుయొక్క ఎడమ అర్ధగోళమునందు, సిల్వియన్ గాడి యని వ్యవహరింపబడు దీర్ఘమైన చీలికకు ఇరువైపుల, ఒండొంటికి చేరువగా అమరియున్నవి. వీనిలో ముఖ్యములైనవి లలాటలంబిక దిగువభాగమునందలి బ్రోకా ప్రాంతము, కణతలంబిక పైగట్టున వెనుకభాగమునందలి వెర్నికే ప్రాంతము, ఈ రెంటిని కలుపు ఆర్క్యుయేట్ ఫాసిక్యులస్ అను ధనురాకారపు నాడీతంతువుల కట్ట, కుడ్యలంబికయందలి యాంగ్యులర్, సుప్రామార్జినల్ గట్లు. వైద్యవిద్యార్థులును, మనశ్శాస్త్రవిద్యార్థులును, వాక్చికిత్సకులును ఈ స్థానములను, వాని వ్యాపారములను, అవి చెడినప్పుడు కలుగు అఫేసియా యను వాగ్లోపములను కంఠస్థము చేయవలసియుండుటచే, తరతరములుగా వీనికై అనేకములైన కొండగుర్తులు పుట్టినవి.

ఈ విషయము జ్ఞాపకమున నిలుపుట కష్టమగుటకు హేతువు విషయముయొక్క గహనత్వముకన్న పేర్ల వైవిధ్యమే. బ్రోకా, వెర్నికే యనునవి పురుషనామములు. గట్లకును గాళ్ళకును ఉన్నవి లాటిను పేర్లు. వీనికి తోడు, 1909లో కోర్బినియన్ బ్రోడ్మన్ అను జర్మను శాస్త్రజ్ఞుడు మెదడు పైపొరయందలి కణవిన్యాసమును సూక్ష్మదర్శినితో పరీక్షించి, తాను భేదము కనుగొన్న క్షేత్రములకు 52 వరకు సంఖ్యలు వేసినాడు. ఆ సంఖ్యలకును ఆ స్థానములు చేయు పనికిని సంబంధము లేదు. ఇట్లు హేతువులేని పేరును హేతువుగల వస్తువునకు ముడివేయుటయే కొండగుర్తు చేయవలసిన పని. ఆ ముడి తానుగూడ ఏదో యొక హేతువును పట్టుకొనియున్నప్పుడు మాత్రమే చిరకాలము నిలుచును. వట్టి అక్షరసామ్యముపై ఆధారపడినది పరీక్ష గడచిన పిమ్మట చెదరిపోవును. ఈ వ్యాసమున వివిధ సంకేతములను ఎన్నిక చేయుటకు అదియే గీటురాయి.

ఈ స్థానముల చరిత్రయే మొదటి సంకేతము. పారిస్ నగర సమీపమున బిసేత్ర్ వైద్యశాలయందు ఇరువదియొక్క సంవత్సరములు గడపిన లెబోర్ఞ్ అను రోగి, ఎవరేమి ప్రశ్నించినను ‘టాన్, టాన్’ అను ధ్వనితప్ప వేరొండు పలుకజాలక, ఆ పేరుతోడనే ఆ వైద్యశాలయందు ప్రసిద్ధుడైనాడు. ఇతరులు చెప్పినది గ్రహించుచున్నట్లు అతని హస్తచేష్టలు తెలుపుచుండెడివి. 1861 ఏప్రిలు 17వ తేదీన అతడు మరణింపగా, శస్త్రవైద్యుడైన పాల్ బ్రోకా అతని మెదడును మరునాడే పారిస్ మానవశాస్త్ర పరిషత్తునందు ప్రదర్శించి, ఎడమ లలాటలంబికయందలి క్షతిని చూపించెను. అదే సంవత్సరమున లెలోంగ్ అను వృద్ధుడు, ఐదు మాటలు మాత్రమే పలుకగలిగినవాడు, అదే స్థానమున క్షతితో మరణించెను. ఇట్టి రోగులు మరికొందరు కనబడిన పిదప 1865లో బ్రోకా మన వాక్కు ఎడమ అర్ధగోళమునుండి వెలువడుచున్నదని స్పష్టముగ ప్రకటించెను. లెబోర్ఞ్ కథ తెలిసిన విద్యార్థి బ్రోకా ప్రాంతము ఉచ్చారణకు సంబంధించినదా, గ్రహణమునకు సంబంధించినదా యని తడబడుట అరుదు; అర్థము చేసికొనుచు, పలుకలేక, ఒకే ధ్వనిని వల్లించు ఆ మనుష్యుడు కన్నులయెదుట నిలుచును.

లెబోర్ఞ్ మరణించిన పదుమూడేండ్ల తరువాత, 1874లో, ఇరువదియారేండ్ల ప్రాయమున కార్ల్ వెర్నికే ఇందుకు విపర్యయముగానున్న రోగమును వర్ణించెను. ఆ రోగులు ధారాళముగ మాటలాడుదురు. ఆ మాటలకు అర్థము పొసగదు. పరుల మాటలు వారికి బోధపడవు. ఆయన అంతటితో ఆగక, ఈ రెండు స్థానములను కలుపు మార్గము తెగినచో మూడవవిధమైన వాగ్లోపము కలుగవలెనని యుక్తిబలముచే ఊహించెను. లుడ్విగ్ లిక్టైమ్ అను వైద్యుడు 1885లో ఈ ఊహను విస్తరించి, కేంద్రములను, మార్గములను గీతలతో చూపిన పటమును రచించెను. నేటికిని పాఠ్యగ్రంథములలో కనబడు వర్గీకరణము చాలవరకు ఆ పటమునుండి వచ్చినదే. 1965లో అమెరికాయందు నార్మన్ గెష్విండ్ దీనిని పునరుద్ధరించెను.

స్థానములను చూపుటకు ఉపాధ్యాయులు పిడికిలిని సాధనముగ గైకొందురు. కుడిచేతి పిడికిలిని అరచేయి నేలవైపునకుండునట్లు ముందునకు చాపి, బొటనవ్రేలిని చూపుడువ్రేలి ప్రక్కకు చేర్చి, ఎడమవైపునుండి చూచినచో అది ఎడమ అర్ధగోళమునకు ప్రతిరూపమగును. ముందునకు చూచుచున్న బొటనవ్రేలు కణతలంబిక. దానికిని పిడికిలికిని నడుమనున్న సందు సిల్వియన్ గాడి. ఆ సందునకు పైన, ముందుభాగమున బ్రోకా ప్రాంతము. బొటనవ్రేలి పైయంచున, మణికట్టు దిశగా, వెర్నికే ప్రాంతము. ఎడమ అర్ధగోళమునకు కుడిచేయి నమూనాయగుట విద్యార్థికి మొదట వింతగా తోచును గాని, కుడిచేతిని నడుపునది ఎడమ అర్ధగోళమే కావున, ఈ నమూనా ఇంకొక సత్యమును గూడ తనతో మోసికొని వచ్చుచున్నది. బ్రోకా ప్రాంతమును దెబ్బతీయు పక్షవాతమున కుడిచేయి, కుడివైపు మోము తరచుగా చచ్చుబడును.

స్థానము తెలిసిన పిమ్మట, పొరుగును తెలిసికొనుట ఉత్తమమైన కొండగుర్తు. బ్రోకా ప్రాంతమునకు వెనువెంటనే పెదవులను, నాలుకను, కంఠమును కదలించు చాలకక్షేత్రము కలదు. కావుననే బ్రోకా ప్రాంతము పలుకుటతో ముడిపడియున్నది. వెర్నికే ప్రాంతమునకు ఆనుకొని, సిల్వియన్ గాడి లోపల, చెవినుండి వచ్చు శబ్దములను గ్రహించు శ్రవణక్షేత్రము కలదు. కావుననే వెర్నికే ప్రాంతము విన్నదానిని తెలిసికొనుటతో ముడిపడియున్నది. యాంగ్యులర్ గట్టు దృష్టిక్షేత్రమునకును శ్రవణక్షేత్రమునకును మధ్యస్థముగానున్నది. కన్ను చూచిన అక్షరము చెవి యెరిగిన శబ్దమగుటకు అంతకన్న అనువైన చోటు వేరొండు లేదు. 1891లో జూల్ దెజెరిన్ చదువును వ్రాతను కోల్పోయిన ఒక రోగియందు ఈ గట్టే చెడియున్నదని చూపించెను. ఈ మూడు పొరుగులను ఒకసారి తెలిసికొన్నవానికి కంఠస్థము చేయవలసినది అత్యల్పము.

ఆంగ్లమున చదువువారికి వాడుకలోనున్న సంకేతములు అనేకములు. ‘బ్రోకా అనగా బ్రోకెన్’ అనుచు తునిగిన మాటలను, ‘వెర్నికే అనగా వర్డీ’ అనుచు అర్థములేని మాటల వెల్లువను గుర్తుంచుకొందురు. బి అను అక్షరము డబ్ల్యుకన్న ముందువచ్చును కావున బ్రోకా ముందు, వెర్నికే వెనుక యని స్థానమును గుర్తుంచుకొందురు. స్పానిషు భాషలో నోటికి ‘బోకా’ యని పేరుగనుక బ్రోకా నోటికి సంబంధించినదనుట మరియొకటి. ఇవి తేలికగా పట్టుబడును; కాని తెలుగు వర్ణమాలను ఎరిగినవానికి ఇంతకన్న మంచి సాధనము చేతనేయున్నది. బకారము స్పర్శము, దానిని పలుకునప్పుడు పెదవులు మూసికొని ఊపిరి క్షణకాలము నిరోధింపబడును. వకారము అంతస్థము, దానిని పలుకునప్పుడు ఊపిరి ఆగక సాగుచుండును. బ్రోకా క్షతియందు వాక్కు నిరోధింపబడును, వెర్నికే క్షతియందు వాక్కు ఆగక ప్రవహించును. వర్ణమాలయందును బకారము ముందు, వకారము వెనుక. మెదడునందును అదే క్రమము.

రోగముల స్వరూపము చూచినగాని ఈ సంకేతములకు ప్రాణము రాదు. దృష్టాంతమునకై, వైద్యుడు ‘పొద్దున ఏం తిన్నారండీ?’ అని యడిగినాడనుకొందము. బ్రోకా క్షతిగల పెద్దమనిషి నుదురు చిట్లించి, పెదవులు కదలించి, ‘ఇడ్లీ... రెండు... కోడలు... ఆఁ... ఇడ్లీ’ అనును. నామవాచకములు మిగిలినవి, విభక్తులు, క్రియారూపములు జారిపోయినవి, కానిచో తారుమారైనవి. తన మాట కుంటువడుచున్నదని అతనికి తెలియును. ఆ తెలివియే అతని దుఃఖము. అదే ప్రశ్నకు వెర్నికే క్షతిగల వ్యక్తి తడుముకొనక, ‘అదేనండీ, మొన్న ఆ గలిపట్టు తెచ్చి పొలుగులో పెట్టి చూస్తే వాళ్ళకి సరిపోతుంది కదా, అందుకే నేను వెళ్ళాను’ అనవచ్చును. ఉచ్చారణ, యాస, వాక్యముల నడక అన్నియు సహజములు. గలిపట్టు, పొలుగు అనునవి ఏ నిఘంటువునందును లేని మాటలు. ప్రశ్నకును జవాబునకును పొత్తు లేదు. ఇట్టివారికి తరచుగా కాలుసేతులు స్వాధీనమునందే యుండుటచే, ఇది పక్షవాతమని తలంపక మతిభ్రమణమని ఇంటివారు పొరబడుట కలదు. చికిత్సకు విలువైన తొలిగంటలు ఆ పొరబాటులో గడచిపోవును. మూడవవాడు, ఆర్క్యుయేట్ మార్గము చెడినవాడు, బాగుగ మాటలాడును, అర్థము చేసికొనును; ‘కొత్తిమీర అనండి’ అనగానే, ‘కొమ్మి... కొత్తిరీ... కొత్మీ...’ యనుచు, తప్పు తనకే తెలియుటచే సవరించుకొనుచు, గమ్యమును చేరలేక తడబడును.

పైమూడు దృష్టాంతములలో వైద్యుడు పరీక్షించుచున్న శక్తులు మూడు: మాట ధారగా వచ్చుచున్నదా యనునది మొదటిది, విన్నది గ్రహింపబడుచున్నదా యనునది రెండవది, చెప్పిన మాటను తిరిగి పలుకగలుగుచున్నాడా యనునది మూడవది. ధార, గ్రహణము, అనువచనము అను ఈ మూటిలో ప్రతిదియు ఉండవచ్చును, లేకపోవచ్చును. కావున మొత్తము భేదములు ఎనిమిది. మూడక్షరముల గణములును ఎనిమిదియే యని తెలుగు విద్యార్థికి ‘యమాతారాజభానసలగం’ అను సూత్రమును వల్లించిన నాటినుండియు తెలియును. నిలిచియున్న శక్తిని గురువుగను, లోపించిన శక్తిని లఘువుగను భావించి, ధార, గ్రహణము, అనువచనము అను క్రమమున అమర్చినచో, ఎనిమిది వాగ్లోపములును ఎనిమిది గణములతో సరిగా కుదురును. ఈ పొందిక యాదృచ్ఛికమే యైనను, తెలుగున ఈ శాస్త్రమును బోధించువారికి ఇంతకన్న చక్కని సాధనము మరియొకటి దొరకదని ఈ వ్యాసకర్త దృఢముగ నమ్మును.

బ్రోకా వాగ్లోపమున ధార లేదు, గ్రహణము కలదు, అనువచనము లేదు: లఘువు, గురువు, లఘువు, అది జగణము. వెర్నికే వాగ్లోపమున ధార యొక్కటియే కలదు, తక్కిన రెండును లేవు: అది భగణము. మార్గము తెగినప్పటి కండక్షన్ అఫేసియాయందు ధారయు గ్రహణమును కలవు, అనువచనము మాత్రము లేదు: అది తగణము. సర్వమును పోయిన గ్లోబల్ అఫేసియా మూడును లఘువులైన నగణము. ఇవి నాలుగును లఘ్వంతములు. ఇక గుర్వంతములు నాలుగు: ధార మాత్రము చెడిన ట్రాన్స్‌కార్టికల్ మోటార్ అఫేసియా యగణము, గ్రహణము మాత్రము చెడిన ట్రాన్స్‌కార్టికల్ సెన్సరీ అఫేసియా రగణము, ఆ రెండును చెడి, విన్నమాటను చిలుకవలె మరల పలుకుట మాత్రము మిగిలిన మిశ్రభేదము సగణము, మూడును నిలిచి, వస్తువుల పేర్లు మాత్రము నోటికి రాని అనోమిక్ అఫేసియా మగణము.

ఈ గణవిభాగముయొక్క ప్రయోజనము జాబితాను గుర్తుంచుటతో తీరిపోవుటలేదు. చివరి అక్షరము లఘువైన జ, భ, త, న గణములందు క్షతి సామాన్యముగ సిల్వియన్ గాడిని ఆనుకొనియున్న వలయమునందే యుండును. ఏలయన, విన్న శబ్దమును మరల పలుకుటకు శ్రవణక్షేత్రమునుండి బ్రోకా ప్రాంతమువరకు ఆ వలయమంతయు అవిచ్ఛిన్నముగ పనిచేయవలెను. చివరి అక్షరము గురువైన య, ర, స గణములందు ఆ వలయము నిలిచి, దాని వెలుపలి భాగము చెడినదని తలంపవలెను. మెదడు పార్శ్వభాగమునకు ప్రధానముగ రక్తమునిచ్చునది మధ్యమస్తిష్కధమని. దాని పైశాఖ బ్రోకా ప్రాంతమును, క్రిందిశాఖ వెర్నికే ప్రాంతమును పోషించును. ఆ ధమని మొదటనే మూసికొనిపోయినచో నగణము, పైశాఖ మూసికొనిపోయినచో జగణము, క్రిందిశాఖయైనచో భగణము. రక్తపుపోటు మిక్కిలి పడిపోయి, రెండు ధమనుల పొలిమేరలందలి భాగము రక్తము చాలక చెడినప్పుడు మగణము తప్ప తక్కిన గుర్వంతభేదములు కనబడును. ఇట్లు చివరి అక్షరమొక్కటియే క్షతి వలయములోపలనో వెలుపలనో చెప్పగలుగుచున్నది.

సంఖ్యలకు మరియొక సాధనము కావలెను. బ్రోకా ప్రాంతము 44, 45 క్షేత్రములు. వెర్నికే ప్రాంతము 22వ క్షేత్రముయొక్క వెనుకభాగము. శ్రవణక్షేత్రములు 41, 42. యాంగ్యులర్ గట్టు 39. సుప్రామార్జినల్ గట్టు 40. ఇరువదిరెండును రెట్టించిన నలుబదినాలుగగునని పాశ్చాత్య విద్యార్థులు గుర్తుంచుకొందురు. మనకు కటపయాది పద్ధతి కలదు. క నుండి ఞ వరకును, ట నుండి న వరకును వరుసగా 1 మొదలు 9 వరకు, పిమ్మట సున్న. ప నుండి మ వరకు 1 మొదలు 5 వరకు. య నుండి హ వరకు 1 మొదలు 8 వరకు. అచ్చులకు లెక్క లేదు. వచ్చిన అంకెలను కుడినుండి ఎడమకు చదువవలెను. మేళకర్తరాగముల పేర్లలో మొదటి రెండక్షరములచే సంఖ్యను తెలిసికొనుట సంగీతవిద్యార్థులకు పరిచితమే: మాయామాళవగౌళయందు మ ఐదు, య ఒకటి, తిరుగవేయగా 15, ధీరశంకరాభరణమునందు ధ తొమ్మిది, ర రెండు, తిరుగవేయగా 29.

ఈ పద్ధతిచే ‘భావశోభ’ యను సమాసమును గ్రహింతము. భావ యనగా 44, శోభ యనగా 45; భావమును మాటగా వెలువరించు బ్రోకా ప్రాంతమునకు ఇది అన్వర్థమైన పేరు. ముందునుండి వెనుకకు లెక్కించునప్పుడు 45 ముందును 44 వెనుకను ఉండునని మాత్రము మరువరాదు. నోటిని కదలించు క్షేత్రమునకు దగ్గరనున్నది 44. ‘రారా’ యనగా 22. పిలుపు వినబడి, అది పిలుపని తెలియుట వెర్నికే ప్రాంతపు పని. ‘కవి’ యనగా 41, ‘రవము’నందలి మొదటి రెండక్షరములు 42, కవి పలికిన రవము చెవిద్వారా మొదట చేరునది ఆ క్షేత్రములనే. ‘నాభి’ యనగా 40. నాదము నాభినుండి పుట్టునను సంప్రదాయమును తలచుకొన్నచో, పలుకు ధ్వనులను మనసున నిలుపుటయందు పాల్గొను సుప్రామార్జినల్ గట్టు గుర్తునకు వచ్చును. ‘ధగ’ యనగా 39. కాగితముపై ధగధగలాడు అక్షరములను చదువు యాంగ్యులర్ గట్టు అది.

యాంగ్యులర్ గట్టు ప్రస్తావనమున గెర్స్‌ట్మన్ పేర నొప్పు లక్షణసముదాయమును స్మరింపవలెను. వ్రాత పోవుట, లెక్క పోవుట, తన వ్రేళ్ళను తాను గుర్తింపలేకపోవుట, కుడియెడమలు తెలియకపోవుట అను నాలుగు లక్షణములు ఇందు కలిసివచ్చును. వ్రేళ్ళపై లెక్కించుచు, పలకమీద దిద్దుచు, కుడిచేయి యేదో నేర్చుకొనుచున్న పసివాని చేతిని తలచుకొన్నచో ఈ నాలుగును ఒకేచోట కనబడును.

ఇన్ని సంకేతముల పిదప వాని హద్దులను గూడ చెప్పవలసియున్నది. బ్రోకా క్షతియందు గ్రహణము నిలిచియుండుననుట స్థూలముగ మాత్రమే సత్యము. వాక్యనిర్మాణముపై అర్థము ఆధారపడు చిక్కువాక్యములు ఇట్టి రోగులలో పెక్కుమందికి బోధపడవు. 2007లో నీనా డ్రాంకర్స్, ఆమె సహచరులు పారిస్‌నందు భద్రపరుపబడిన లెబోర్ఞ్ మెదడును అయస్కాంతచిత్రణముచే పరీక్షింపగా, బ్రోకా పైనుండి చూచినదానికన్న క్షతి చాల లోతుగ, తంతువుల మార్గములవరకు వ్యాపించియున్నదని తేలినది. బ్రోకా ఆ మెదడును కోయక భద్రపరచుటచేతనే ఈ పరిశీలనము సాధ్యమైనది. బ్రోకా ప్రాంతమొక్కటియే చెడినచో కలుగు వాగ్లోపము తరచుగ కొలదికాలములోనే చాలవరకు తగ్గిపోవును. వెర్నికే ప్రాంతపు ఎల్లలను గూర్చి పండితులలో నేటికిని ఏకాభిప్రాయము లేదు. గణపద్ధతియందలి గురులఘువులవలె రోగియందలి శక్తులు ఉన్నవి, లేనివి యని రెండుగ చీలియుండవు. అవి తగ్గుచు పెరుగుచుండును, మరియు ఒకనాడు నగణమైనది వారములు గడచినకొలది జగణముగ మారుట వైద్యశాలలలో సామాన్యముగ చూచునదే.

ఎడమ అర్ధగోళమే భాషకు ఆధారమనుటయు అందరికి వర్తింపదు. కుడిచేతివాటముగలవారిలో సుమారు 95 శాతమునకును, ఎడమచేతివాటముగలవారిలో సుమారు 70 శాతమునకును అది సరిపోవును. తక్కినవారిలో కుడి అర్ధగోళమో, రెండునో ఆ పనిని వహించును. కావుననే మూర్ఛరోగమునకో కంతికో శస్త్రచికిత్స చేయునప్పుడు వైద్యులు పటమును నమ్మియుండక, మత్తు లేక మేల్కొనియున్న రోగికి బొమ్మలను చూపి పేర్లు చెప్పించుచు, మెదడు పైపొరను స్వల్పవిద్యుత్తుచే తాకి, మాట ఆగినచోట గుర్తు నుంచి, ఆ చోటును విడిచి కోత సాగింతురు. మాంట్రియాల్‌నందు వైల్డర్ పెన్‌ఫీల్డ్ ఈ పద్ధతిని పెంపొందించి, లామార్ రాబర్ట్స్‌తో కలిసి 1959లో గ్రంథస్థము చేసెను. 1989లో జార్జి ఓజెమన్, ఆయన సహచరులు 117 మంది రోగులలో ఇట్లు గుర్తించిన స్థానములను పోల్చిచూడగా, అవి మనిషికి మనిషికి మిక్కిలి భిన్నములుగ నుండెను. రెండు భాషలు మాటలాడువారిలో ఒక భాషను ఆపిన తావు రెండవదానిని ఆపకపోవుటయు కలదు; కావున తెలుగును, వేరొక భాషను గూడ మాటలాడు రోగిని ఆ రెండు భాషలందును పరీక్షించిన పిమ్మటనే కత్తి పెట్టవలసియుండును.